ఏడో అధ్యాయానికి ఊ అన్నవాడు

మా ఇంటి కథల మనిషికి,

దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, అబ్బాయీ, కోడలూ కులాసా. నువ్వు ఊరూరా తిరుగుతున్నా వేళకి తింటున్నావని తలుస్తాను. క్షేమాలు అయిపోయాయి కాబట్టి అసలు మాటకి వస్తాను. నువ్వు నన్ను ఏడో అధ్యాయంలో చంపి నాలుగేళ్లయింది.

నాకు చెప్పకుండా చంపావు. నీ రెండో పుస్తకంలో, కారిపోతున్న చంద్రుణ్ణి దాచడానికి ఇనప్పెట్టె చేసే మేస్త్రి నేనేనని వీధిలో అందరికీ తెలుసు. ముక్కు మీద మచ్చతో సహా దింపావు. ఎదురు షాపు బైండింగు ఆయన పేజీ తెరిచి, వేలు పెట్టి చూపించి, "మేస్త్రీ, ఇంట్లో ఏం గొడవపడ్డావయ్యా, మీ ఆవిడ నిన్ను పెట్టెలో పెట్టి మూతేసింది!" అని పడీ పడీ నవ్వాడు. ఆ చావైనా సరిగ్గా ఉందా? లోపలినుంచి గొళ్ళెం వేసుకున్నాడట! నలభై ఏళ్లు పెట్టెలు చేసినవాణ్ణి. గొళ్ళెం లోపల పెట్టే పనివాడు ఎక్కడైనా ఉంటాడటే? అడిగితే నామోషీ అని అడగలేదు. మింగి కూర్చున్నాను.

నీ ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు. మోకాలు మామూలే, నూనె రాస్తున్నాను. షాపు తాళం అబ్బాయికి ఇవ్వలేదు, ఇవ్వను. ఫోను ఎందుకు ఎత్తడం లేదని మూడు ఉత్తరాల్లో అడిగావు. దానికి జవాబు కింద వస్తుంది. తొందరపెట్టకు. నావి పెట్టెల మీద పేర్లు రాసి నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటి దిగడానికి టైము పడుతుంది.

నువ్వు నేర్పే క్లాసు సంగతి రాశావు. నలభై మంది పిల్లలు, అందరూ దయ్యాలూ, గ్రహాలూ, ఎగిరే పడవలూ రాసేవాళ్లు. కథ బాగుందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే నా పేరు చెప్పావట. రాసిన ప్రతి పేజీ ముందు మా ఆయనకి చదువుతాను, ఆయన ఊ ఆగిన చోట గీత కొట్టేస్తాను అన్నావట. వాళ్లని జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు చదువుతుంటే ఒకరి చేత ఊ కొట్టిస్తున్నావట. వెనక బెంచీ అమ్మాయి, "మేడమ్, మాకు మొగుళ్లు లేరు కదా, మరి మాకెవరు కొడతారు?" అందని రాశావు. అక్కడ నవ్వాను.

దాని కింద రాసింది చూశాక నవ్వు పోయింది. "ఏడో అధ్యాయం రాసి ఆయన్నే అడిగాను, మిమ్మల్ని చంపెయ్యమంటారా అని. ఊ అన్నారు. అంత పెద్ద మనసు" అని వాళ్లకి చెప్పావట. నలభై మందీ చప్పట్లు కొట్టారట.

ఆ మధ్యాహ్నం నాకు గుర్తుంది. కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నావు. ఆగి, కళ్లజోడు పైకి తోసుకుని నావైపు చూశావు. ఊ అన్నాను. నీకు కళ్లనీళ్లు వచ్చాయి. "దుమ్ము పడిందా?" అన్నాను. నవ్వావు.

నాకు వినపడలేదే. నువ్వు తల ఎత్తకుండానే అడిగినట్టున్నావు, వినపడలేదు. అసలు ఆ రోజు ఒక్క ముక్కా వినపడలేదు.

ఎడమ చెవి నీ మొదటి పుస్తకం నాటికే పోయింది. కుడిది రెండోదాని సగంలో పోయింది. నలభై ఏళ్లు ఆ రేకుల గదిలో సుత్తి దెబ్బలు ఊరికే పోతాయా? ఎదుటివాళ్ల మూతి చూసి మాట పట్టేస్తాను. పట్టలేనప్పుడు పలకను, ముసలాడికి పొగరు అంటుంది కోడలు. అననీ. కానీ నువ్వు చదివేటప్పుడు తల కాగితంలో పెట్టేస్తావు, మూతి కనపడదు. పేరా అయిపోతే కళ్లజోడు తోసుకుంటావు. అప్పుడు ఊ అనేవాణ్ణి. విసుగొచ్చినప్పుడు అనేవాణ్ణి కాదు. నువ్వు గీత కొట్టేసినవి అవే. మూడున్నర పుస్తకాలు అలా రాశావు. గీతల్లేని కొలబద్దతో కొలిచావు.

డాక్టరుకి చూపించాను. నరం చచ్చింది, మిషను పెట్టినా గరగర తప్ప మాట రాదని కాగితం మీద రాసిచ్చాడు. ఎంత సొట్టపడిన పెట్టెనైనా బాగుచేశాను గానీ, దీన్నెక్కడ పట్టుకుని కొట్టాలో తెలియడం లేదు.

ఇరవయ్యో తేదీ నా కొత్త కథ చదివే సభలో కుర్చీ వేయిస్తాను, వచ్చి మూడు వందల మంది ముందు ఊ కొట్టండి అన్నావు. మోసం చేసైనా వద్దామనుకున్నాను. అక్కడ చదివేవని నువ్వు పంపిన పన్నెండు పేజీలు వేలు పెట్టుకుని చదువుతున్నాను. తొమ్మిది రోజుల్లో మూడు పేజీలు అయ్యాయి. నువ్వు ఎక్కడ ఆగుతావో మాత్రం కాగితం మీద లేదు. పుస్తకాలు మళ్లీ రాయలేవు, నాకు చెవులు రావు, ఆ పిల్లలకి చెప్పింది వెనక్కి తీసుకోలేవు. నన్నేం చెయ్యమంటావు?

లోపల గొళ్ళెం ఎవడు పెడతాడని ఎగిరిపడ్డాను. నేనే పెట్టుకున్నాను.

పదిహేనో తేదీ, సోమవారం, టపా వచ్చేసరికి జవాబు నా చేతిలో ఉండాలి. సభకి రావాలా, వద్దా? కోపమొస్తే కోపమనే రాయి. ఫోను చెయ్యకు, మోగినా తెలియదు. అబ్బాయి చేత చెప్పించకు. పెద్ద అక్షరాలతో నువ్వే రాయి. సోమవారం పొద్దున్నించీ గుమ్మంలోనే కూర్చుంటాను, టపావాడు పిలిస్తే వినపడదు కదా.

ఇట్లు,
నీ మొగుడు