ముప్పై ఒక్క రోజులుగా పూడ్చని మా నాన్న గురించి

గవర్నరు గారి కార్యదర్శి వారికి, తబుక్ సుబా బరంగాయ్ (గ్రామ పంచాయతీ) కాపురస్థుడు, మునిసిపల్ ఆఫీసు గుమాస్తా క్రిస్పులో బలిగాద్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా తండ్రి ఫౌస్తినో బలిగాద్ గారి భౌతికకాయమును గవర్నరు గారు స్వయముగా వచ్చి చూచి, మేము పూడ్చుకొనుటకు వీలు కలిగించు విషయమై. (మూడవ అర్జీ)

1. నా తండ్రిగారు ప్రభువునందు నిద్రించి నేటికి ముప్పది యొక్క దినములు. శవజాగారం మా ఊళ్ళో తొమ్మిది రోజులకు మించదు. పేటిక నేటికీ మా ముందుగదిలోనే యున్నది.

2. పూర్వాపరములు. గవర్నరు వెనాన్సియో తుమాకస్ గారు, అనగా మా దోదోంగ్, ముప్పయ్యేళ్ళ కిందట ట్రైసికిళ్ళు, అనగా పక్కన తొట్టి కట్టిన కిరాయి మోటారు సైకిళ్ళు, రిపేరు చేసుకుంటూ బరంగాయ్ మెంబరుగా నిలబడినప్పుడు ఆయన ముఖం ఎరిగినవాడు లేడు. నా తండ్రి శవపేటికలు చేయు వడ్రంగి. ఆయనే పిలిచి చెప్పారు: "ఒరే దోదోంగ్, ఆ మైకు అవతల పారెయ్. పెళ్ళికి ఎవడొచ్చాడో ఎవడికీ గుర్తుండదు. చావుకి ఎవడు రాలేదో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఎవరు పోయినా ముందు నా దగ్గరికే కొలతలు తెస్తారు. నీకు కబురు చేస్తా, పరిగెత్తు."

ఆయన పరిగెత్తారు. పాదిరి గారికన్నా ముందు చేరి, ఏడ్చి, పేటిక ఎడమ ముందు కొస భుజానికెత్తుకునేవారు. ఆ భుజం మీదనే మెంబరు, బరంగాయ్ కెప్టెను, కౌన్సిలరు, మేయరు, గవర్నరు అయ్యారు. ఎదుటి పార్టీ వాళ్ళ పేటికలు సైతం మోసినారు.

3. ఇందువలన మా ఊళ్ళో ఒక ఆచారం పాతుకుపోయినది. దోదోంగ్ భుజం పడనిదే పేటిక గడప దాటదు. దాటిన యెడల ఆ ఇల్లు ఎదుటి పార్టీదని తీర్మానించి వీధిదీపం పీకివేయుదురు. పైగా నా తండ్రి ఆఖరి మాట, "దోదోంగ్ వచ్చేదాకా నన్ను కదపకండి" అని. మా అమ్మ ఆ మాట జవదాటదు.

4. జాగారం ముగియువరకు ఇల్లు ఊడ్వరాదు, ఆ ఇంట స్నానము చేయరాదు, తల దువ్వరాదు. తొమ్మిది రోజులకు పెట్టిన నియమాలను ముప్పై ఒక్క రోజులు పాటిస్తే మనిషి ఏ రూపునకు వచ్చునో తమరు ఊహించగలరు. పక్కింటి పురిసిమా గారు ఇన్నాళ్ళూ మాకు వాడుకోనిచ్చిన తమ స్నానాలగదికి తాళం వేసి, "మీ నాన్నంటే నాకూ గౌరవమే నాయనా, కానీ మా గాబులో నీళ్ళు మీ నాన్న కోసం పట్టుకున్నవి కావు" అన్నారు.

5. శవం చెడకుండా మందు ఎక్కించినవాడు, "రెండు వారాలకి హామీ ఇచ్చాను సార్, రెండు ఎన్నికలకి కాదు" అని చేతులెత్తేసినాడు.

6. రెండవ అర్జీకి జవాబుగా తమ కార్యాలయం గవర్నరు గారి నిలువెత్తు అట్టబొమ్మను పంపినది. అందులకు కృతజ్ఞులము. అది పేటిక పక్కన నవ్వుతూ నిలబడి యున్నది. ముసలివాళ్ళు దానికి దండం పెడుతున్నారు. మా అమ్మ కాఫీ ఇచ్చి, "తాగడేంట్రా వీడు, పదవొచ్చాక పొగరు బాగా పెరిగింది" అంటున్నది. అట్టకు భుజం ఉన్నది గాని బరువు మోయదు.

7. జాగారానికి వచ్చి పేకాడుకొనువారికి బొత్తిగా తొందర లేదు. వారిలో ఒక జంటకు మా ఇంటనే పరిచయమై, నిశ్చితార్థం కూడా మా ఇంటనే చేసుకొంటామంటున్నారు. కేకు పెట్టుటకు ఇంట ఖాళీ బల్ల లేదు, ఉన్నది నాన్న పెట్టె ఒక్కటే.

8. అయ్యా, నేను అలిసిపోయాను. మా నాన్న కోసం సరిగ్గా ఒక్కసారి ఏడవనివ్వండి చాలు. వచ్చిన ప్రతివాడూ "గవర్నరు ఎప్పుడొస్తాడు?" అని అడుగుతున్నాడే గాని మా నాన్న ఎలా పోయాడని ఒక్కడూ అడగడం లేదు.

కావున ఒక్క పది నిమిషాలు కేటాయింపజేయ ప్రార్థన. ఈ కాగితం మాసి యుండుట ఇంటి దుమ్ము వలననే గాని అమర్యాద వలన కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, నెల రోజులుగా తల దువ్వనివాడు,
క్రిస్పులో బలిగాద్

తా.క. కవరు అంటించబోతుండగా గవర్నరు గారు వచ్చారు. కారు లేదు, పోలీసులు లేరు. ట్రైసికిల్లో ఒక్కరే. పేటిక దగ్గర కూలబడి, "బాబాయ్" అని ఒక్క కేక పెట్టారు. పేకముక్కలు ఆగిపోయాయి.

నేను ఉండబట్టలేక, "ఇన్నాళ్ళూ ఏమయ్యావయ్యా?" అని గదమాయించాను.

"నేను రాకపోతే పూడ్చరుగా క్రిస్పూ," అన్నారు. "అందుకే రాలేదు."

ఆయన పేటిక మీద చెయ్యి వేశారు.

"ఇంకొక్క రోజు ఉంచుదాంరా. బాబాయ్ పోతే ఇక నాకు కబురు చెప్పేవాడెవడు? నేను పోతే బోలెడు జనం వస్తారు, గవర్నరు కోసం. దోదోంగ్ కోసం ఎవడొస్తాడు?"

మా అమ్మ మూలనుంచి లేచి వచ్చింది. ఆమెకు ఎనభై నాలుగు. "నేనొస్తాలేరా. ఆ మాత్రానికి నా మొగుణ్ణి నెల రోజులు గదిలో పెట్టిస్తావా, వెధవా? లే. రేపు పొద్దున్నే భుజం పట్టు."

రేపు ఉదయం ఎనిమిదింటికి ఖననం. పై అర్జీ రద్దు. గవర్నరు గారి రేపటి కార్యక్రమాలు కూడా తమరే రద్దు చేయగలరు.

ఇది వ్రాస్తుండగానే ఆయన "పిన్నీ, నిజంగా వస్తావా?" అని రెండుసార్లు అడిగారు. వస్తానని మా అమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పింది.