చెయ్యి కలిపాక

నవంబరు 14, గురువారం

ఒళ్లు మండిపోతోంది. కోటు కూడా విప్పలేదు, ముందు ఇది రాయాలి.

ఇవాళ స్కూల్ చెస్ ఫైనల్. నాలుగో తరగతి తాతుల్, మూడో తరగతి షోఘిక్. గెలిచినవాళ్లు వచ్చే వారం శనివారం మా మార్తూని స్కూలు తరఫున గవార్‌లో జిల్లా పోటీకి వెళ్తారు. రెఫరీ మా స్కూలు డైరెక్టర్ గుర్గెన్. నల్లపావులు షోఘిక్‌వి. దాని దగ్గర ఒక గుర్రం ఎక్కువుంది, ఆట దాని చేతిలోనే ఉంది. అప్పుడు తాతుల్ తన మంత్రిని దాని రాజు పక్కన టప్పున పెట్టి, ఆటకట్టు! అని అరిచి చెయ్యి చాచాడు. షోఘిక్ బోర్డు వైపు చూసింది, వాడి వైపు చూసింది, చెయ్యి కలిపింది. గుర్గెన్ ఫలితం రాసేశాడు.

నేను వెళ్లి చూద్దును కదా, అది ఆటకట్టే కాదు! గుర్రంతో ఆ మంత్రిని ఉత్తినే కొట్టెయ్యొచ్చు.

గుర్గెన్‌కి చెప్పాను. చెయ్యి కలిపాక ఆట అయిపోయినట్టే, నీకు తెలియని రూలా సాతెనిక్ జాన్ అని ముద్దుగా అన్నాడు. తెలుసు. రెండో తరగతి చెస్ క్లాసులో మొదటి రోజు నేను చెప్పేదే అది. అయితే మాత్రం? పిల్ల చూసుకోవాలి కదమ్మా అంటాడు. తొమ్మిదేళ్ల పిల్ల. పెద్దవాడు గట్టిగా చెప్పాడని నమ్మింది. నమ్మినందుకు శిక్షా?

నవంబరు 15, శుక్రవారం

షోఘిక్ నానమ్మ గేటు దగ్గర నన్ను పట్టుకుంది. అబద్ధమాడినోడు గవార్ పోతాడు, నమ్మిన పిల్ల ఇంట్లో కూచుంటది, ఇదేనా కామ్రేడ్ మీరు నేర్పే చదువు, అని నిలదీసింది (టీచర్‌ని కామ్రేడ్ అనే అలవాటు ఈ ఊళ్లో ఇంకా పోలేదు). వెంటనే నా చెంప నిమిరి, నీ బాధ నాకు రానీ, నీ మీద కోపం కాదమ్మా, మరి టీచరువి నువ్వేగా, నిన్ను కాక ఎవరిని తిట్టను అంది. షోఘిక్ సాయంత్రం క్లబ్బుకి ఇక రాదట. చెస్ పేరెత్తితే లేచి వెళ్లిపోతోందట.

తాతుల్‌ని ఆపి సూటిగా అడిగాను, అది ఆటకట్టు కాదని నీకు తెలుసా అని. వాడు నేల చూశాడు. ఆర్షవీర్ మామ చెప్పాడు కామ్రేడ్, గట్టిగా అంటే సగం మంది నమ్మేస్తారంట, అన్నాడు.

ఆర్షవీర్ ఊరి కల్చర్ హౌస్‌లో చెస్ నేర్పే ప్రైవేటు కోచ్. రేపు వాడి సంగతి చూస్తాను.

నవంబరు 16, శనివారం

చూశాను. కాఫీ పెట్టాడు, నవ్వాడు. ఇది చదరంగం కామ్రేడ్, చర్చి కాదు, అన్నాడు. ఎదుటోడు నిద్రపోతుంటే దుప్పటి లాగి లేపాలా మా పిల్లలు, అన్నాడు. నేర్చుకునే పిల్లలతో ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది అని అడిగాను. గెలవాలని వస్తారు, గెలిపిస్తున్నా, నువ్వేం చేస్తున్నావ్ అన్నాడు.

కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఈ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు.

నవంబరు 18, సోమవారం

పాఠాలకు వాడే పెద్ద బోర్డు మోసుకొచ్చి కారిడార్‌లో వేలాడదీశాను. సరిగ్గా ఆ ఫైనల్ పొజిషన్. కింద రాశాను: "ఇది ఆటకట్టేనా? నల్లపావుల ఎత్తు." పేర్లు రాయలేదు. రాయక్కర్లేదు.

నవంబరు 19, మంగళవారం

రెండో తరగతి మొత్తం కనిపెట్టేసింది. ఇంకా కనిపెట్టనిది గుర్గెన్ ఒక్కడే.

నవంబరు 20, బుధవారం

పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు కూడా బోర్డు ముందు ఆగి, గుర్రం గుర్రం అని నవ్వుతున్నారు. రొట్టెల కొట్లో ఎవరో గుర్గెన్‌ని అడిగారట, ఏం డైరెక్టరూ, కళ్లజోడు మార్చాలేమో అని. మధ్యాహ్నం నన్ను పిలిచి, సరే తల్లీ, మళ్లీ ఆడించు, ఆ దిక్కుమాలిన బోర్డు మాత్రం దింపు అన్నాడు.

గెలిచాననుకున్నాను. పరుగున వెళ్లి షోఘిక్‌కి చెప్పాను.

ఆడనంది. నేను చెయ్యి కలిపాను కామ్రేడ్, అంది. అది మోసమే తల్లీ, డైరెక్టర్ రద్దు చేశారు అన్నాను. డైరెక్టర్ ఎలా రద్దు చేస్తారు, చెయ్యి చాచింది తాతుల్, వెనక్కి తీసుకుంటే వాడు తీసుకోవాలి, అంది.

వారమంతా వీళ్లందరితో పోట్లాడింది దీనికా? ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. బయటికొచ్చాక ఆ కోపం మీద సిగ్గేసింది. ఇంత పెద్ద స్కూల్లో నేను చెప్పిన రూల్‌ని పట్టుకున్నది ఒక్కతే, అదీ ఓడిపోయిన పిల్ల.

నవంబరు 22, శుక్రవారం

తాతుల్‌కి కొత్త పేరొచ్చింది. వాడు కనబడితే చాలు, వరండా అంతా ఆటకట్టు ఆటకట్టు అని అరుస్తోంది. వాడి టోపీ తీసి మంచులో పారేశారు. నాలుగో తరగతిని నిలబెట్టి గొంతు పోయేలా తిట్టాను. బోర్డు పెట్టింది పెద్దవాళ్లకు బుద్ధి రావడానికి. పదేళ్ల పిల్లాణ్ణి ఏడిపించమని ఎవరు చెప్పారు వీళ్లకి? వాడికి ఆ విద్య నేర్పిన ఆర్షవీర్‌ని మాత్రం ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. హాయిగా కాఫీ తాగుతున్నాడు.

నవంబరు 23, శనివారం, వ్యాన్‌లో

కుదుపుల్లోనే రాస్తున్నాను.

పొద్దున్నే స్కూలు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. తాతుల్ రాలేదు. వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ముసుగుతన్ని పడుకున్నాడు, గవార్ రానంటున్నాడు, అంతా మీ పుణ్యమే అని అరిచాడు. గుర్గెన్‌కి చెబితే, ఆ పిల్లనే ఎక్కించుకుని పో అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్ల!

షోఘిక్ తలుపు తీసింది. విషయం విని అడిగింది, తాతుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడా అని. లేదన్నాను. అయితే నేనెలా వస్తాను అంది. నానమ్మ నెత్తి బాదుకుంది. ఇది దాని తాత మొండితనం, నన్నేమీ అనకు అంది. నేను ఇంకేమీ వాదించలేదు. పద, వాడినే అడుగుదాం అన్నాను.

తాతుల్ తన నాన్న కోటు కప్పుకుని, చెప్పులతో మంచులోకి దిగాడు. ఏడ్చిన ముఖం. నేను వ్యాన్ దగ్గరే ఉండిపోయాను. షోఘిక్ వెళ్లి వాడి ముందు నిలబడింది. అప్పుడు వాడు, అది ఆటకట్టు కాదు, నీ ఎత్తు, అన్నాడు.

బోర్డు లేదు, పావుల్లేవు. గుర్రంతో నీ మంత్రిని కొట్టాను, అంది షోఘిక్.

వాడు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత ఓడిపోయానని చెయ్యి చాచాడు.

షోఘిక్ వ్యాన్ ఎక్కి నా పక్కన కూచుంది. వాడి చెయ్యి చల్లగా ఉంది కామ్రేడ్, అంది.

అదే రోజు, సాయంత్రం, గవార్

మొదటి ఆటలో అవతలి అమ్మాయి ఆటకట్టు అని చెయ్యి చాచింది. షోఘిక్ తన చేతులు ఒళ్లో పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. హాలు సగం ఖాళీ అయింది. ఎంతసేపమ్మా అని రెఫరీ విసుక్కున్నాడు. చూడనివ్వండి అని నేను అరిచాను, అందరూ నా వైపు తిరిగారు.

నిజంగానే ఆటకట్టు.

అప్పుడు చెయ్యి కలిపింది.