ఆరు పాత్రల నాటకం

ఓబులేసన్నా,

మన ఆళ్లగడ్డ నాటక సంఘం వారి వార్షిక ఎంపిక సమావేశం నిన్న సక్రమంగా జరిగినదని తెలియజేయడమైనది. నీవు పోయిన తర్వాత ఇదే మొదటిది.

నంద్యాలలో కొన్న అచ్చు నాటకాల్లో, నీవు ఏటా పక్కనబెట్టే ఆరు పాత్రల నాటకం మళ్లీ పరిశీలనకు వచ్చింది. "నాటకం బాగుందప్పా. మనం ఏడుగురం గదా, ఎవర్ని ఇంట్లో కూసోబెడ్తావ్?" అనేవాడివి.

మద్దిలేటి పేజీ తిప్పి, "ఇప్పుడు సరిపోతాంది గదన్నా" అన్నాడు. అన్నవాడే పుస్తకం మూసేశాడు.

నాటకం ఏకగ్రీవంగా తిరస్కరించడమైనది. కారణం రాయవలసిన చోట, కార్యదర్శి హోదాలో, నేనే నమోదు చేశాను: పాత్రలు ఆరు, నటులు ఏడుగురు.