పన్నెండో చీటీ

జూలై 9, బుధవారం

అన్నయ్యకి,

చెల్లెలి నమస్కారాలు. వదినని అడిగానని చెప్పు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను, నువ్వూ పద్ధతి ప్రకారమే నమ్ము. ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే కాగితం.

యూనిఫారాల సీజను అయిపోయింది. ఈ ఏడు మూడు స్కూళ్ళవి కుట్టాం. కొత్త కటింగ్ మాస్టరు కాలర్లు బాగానే తీస్తున్నాడు కానీ జేబుల దగ్గర ఇంకా చెయ్యి తిరగలేదు. నేను అసలు సంగతికి రాకుండా జేబుల దగ్గరే ఎందుకు తచ్చాడుతున్నానో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

జనవరిలో నా పెట్టుబడులన్నీ నీ బ్రోకరేజీ నుంచి తీసి ఆ యాప్‌లో పెట్టినప్పుడు, కోడలు పట్టుబట్టిందని చెప్పాను. కమిషన్ నామమాత్రమట, మనిషితో పని లేదట, ఎక్కడ ఎంత పెట్టాలో, ఎప్పుడు సర్దాలో కంప్యూటరే చూసుకుంటుందట అని గడగడా అప్పజెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఒక్క షేరు అమ్మమన్నా, ముందు కారణం చీటీ మీద రాయి అనేవాడివి. ఆ చీటీ డ్రాయర్లో పడేసి, రేపు మళ్ళీ చదువుకో, అప్పటికీ నిలబడితే అమ్ముతాను అనేవాడివి. నా కారణం ఒక్కటీ తెల్లారేదాకా నిలబడలేదు. ఆ రోజు మాత్రం చీటీ అడగలేదు. ఫారాలు నా ముందుకు జరిపి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించావు, అంతే. ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

యాప్ మొదట్లో పది ప్రశ్నలు అడిగింది. మార్కెట్ ఐదో వంతు పడిపోతే ఏం చేస్తారు అన్నది అందులో ఒకటి. ఓపిగ్గా ఆగుతాను అని నొక్కాను. పాపం, అది నమ్మింది. నువ్వైతే కుర్చీలోంచి పడేలా నవ్వేవాడివి.

ఏప్రిల్లో మార్కెట్ పడింది, ఐదో వంతులో సగం కూడా కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒకావిడ గౌను పొడవు సరిచేస్తున్నాను. ఎడమ చేత్తో ఫోన్ తీసి మొత్తం అమ్మేశాను. నిశ్చయమేనా అని యాప్ అడిగింది. అవునని నొక్కాను. ఎందుకు అని మాత్రం అడగలేదు. నెల తిరక్కుండా మార్కెట్ మళ్ళీ పైకి లేచింది. అదే యాప్‌లో ఉన్న కోడలి డబ్బు హాయిగా పెరుగుతోంది, తను మధ్యలో వేలు పెట్టలేదు కాబట్టి. ఆడలేక మద్దెల ఓడు అనను, తప్పు యాప్‌ది కాదు. షాపు గది సొంతం చేసుకోవాలన్న మాట ఇంకో నాలుగేళ్ళు వెనక్కి పోయింది. మూడు నెలలుగా దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని మిషన్ తొక్కుకుంటున్నాను.

మిగిలింది మళ్ళీ నీ దగ్గరే పెట్టాలని ఉంది, నువ్వు సరేనంటే. ఆదివారం కోడలు మీ ఇంటికొచ్చి క్షమాపణ అడుగుతానంటోంది. చిన్నపిల్ల, తెలియక చేసింది. పెద్దవాడివి, మనసులో పెట్టుకోకు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. గురువారం.

రాసిన ఉత్తరాన్ని నీ పద్ధతి ప్రకారం ఒక రోజు డ్రాయర్లో పడేశాను. ఇవాళ తీసి చదివితే కోడలి గురించి రాసిన ముక్క నిలబడలేదు.

కోడలు మార్చమని అనలేదు. వద్దనే అంది. మాలాంటివాళ్ళకి యాప్ సరిపోతుంది, మీకు ఆపే మనిషి ఉండాలి, మీ అన్నయ్యగారి దగ్గర్నుంచి తీయకండి అత్తయ్యా అంది. వినలేదు నేను. డిసెంబరులో ఒక రోజు నువ్వు ఫోన్లో ఉంటే పెన్ను కోసం నీ డ్రాయరు తెరిచాను. నా చీటీలు పదకొండూ ఒకే గుండుసూదికి గుచ్చి ఉన్నాయి. ఒకదాని మీద, పక్క షాపతను అమ్మేశాడు. ఇంకోదాని మీద, టీవీలో మార్కెట్ గురించి చెప్పే అతని మొహం బాగోలేదు. మరోదాని మీద, ఎందుకో గుండె దడగా ఉంది. నా పిరికితనమంతా నా చేతిరాతలోనే నీ దగ్గర ఉందని తల కొట్టేసినట్టయింది. నేనెవరో తెలియని చోటికి పోవాలనిపించింది. ఆ యాప్‌లో నాకు నచ్చింది అదొక్కటే.

పోయిన వారం బజార్లో వదిన కనబడి, అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు లేకపోవడం నీ మూలంగానే అని కోడలితో అందట. కోడలు కాదనలేదు. ఇంటికొచ్చి నన్ను నిలదీయనూ లేదు. నేనే వెళ్ళి క్షమాపణ అడిగితే మీ అన్నయ్యగారు మళ్ళీ వస్తారుగా అత్తయ్యా అంది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. సూదికి దారం అప్పటికే ఎక్కించి ఉంది.

ఆదివారం కోడలు రాదు. నేను వస్తాను. వదిన ఎదుటే చెప్తాను.

ఈ ఉత్తరాన్ని కూడా ఆ పదకొండింటితో కలిపి గుచ్చెయ్. జనవరిలో నువ్వు అడగని కారణం ఇదే, సిగ్గు. ఒక రోజు ఆగి చూశాను అన్నయ్యా. ఇది నిలబడింది.