మంత్రగత్తె చావకముందే ఆర్పిన కొవ్వొత్తి

మార్బుర్గ్, శుక్రవారం

శ్రీమతి హెల్విగ్ గారికి,

కథలతో పిల్లల్ని భయపెడుతున్నానని, ఇక మీ కిండర్‌గార్టెన్‌కి రావద్దన్నారు. సరే, రాను. కానీ భయపెట్టింది ఎవరో తేల్చుకుందాం.

కొవ్వొత్తి వెలిగిస్తే కథ మొదలు, ఆర్పితే కథ అయిపోయినట్టు. మన ఊళ్ళో మూడేళ్ళ పిల్లకైనా ఇది తెలుసు. నిన్న నా కథలో, అబద్ధాలాడేవాళ్ళ నాలుకలు కోసుకుపోయే మంత్రగత్తె గుమ్మం దాకా వచ్చింది. అంతలో మీరు పరుగున వచ్చి, "చాలు, ఆపండమ్మా! పసివాళ్ళకి ఈ ఘోరాలేంటి?" అంటూ కొవ్వొత్తి ఉఫ్‌మని ఊదేశారు.

ఇంకొక్క నిమిషం ఆగుంటే, నిజం చెప్పిన పిల్ల దాన్ని బావిలోకి తోసేసేది. మా అమ్మమ్మ కాలం నుంచీ అది అలాగే చస్తోంది, పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. మీ పుణ్యమా అని ఇప్పుడది బతికే ఉంది.

ఇవాళ రొట్టెల కొట్లో మీ అబ్బాయి యోరిస్ నా కోటు పట్టుకుని లాగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అవ్వా, మంత్రగత్తె లేనే లేదని అమ్మ అబద్ధం చెప్పింది. ఇప్పుడది అమ్మ నాలుక కోసేస్తుందా?"

బావి సంగతి నేను చెప్పలేదు. కథ చెప్పొద్దన్నది మీరేగా.

ఇట్లు,
మీరు గెంటేసిన కథల అవ్వ