వీ. మ. అన్న రెండక్షరాలు

మా వారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ అత్తయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. మీరు అక్కడ వేళకు తింటూ, వెల్డింగు చేసేటప్పుడు బద్ధకించకుండా కళ్ళకు అద్దాలు పెట్టుకుంటూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఒంట్లో బాగానే ఉన్నాం అని ఆలోచించే రాశాను. మిగతాది కింద రాస్తాను. మధ్యలో కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటోంది, దిగేటప్పుడే పట్టేస్తోంది. "ఎక్కడం నా ఇష్టం, దిగడం దాని ఇష్టం" అంటున్నారు. వంటింటి కుళాయి బాగు చేయించాను. ఇప్పుడు కారడం లేదు, తిప్పితే సరిగ్గా రావడమూ లేదు. మీ నీలం చొక్కా పెట్టెలో లేదు, మీరే పట్టుకెళ్ళారు. సైన్యం రికార్డుల గది నుంచి ముద్ర వేసిన నకలు ఎందుకు తేలేదని మూడు ఉత్తరాల్లో అడిగారు. దానికే ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళిన రోజు సంగతి మీకు సగమే రాశాను. ఆ గదిలో కిటికీ అద్దాలకు సగం దాకా ఆకుపచ్చ రంగు పూశారు. కలం గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి, లోపల పెన్సిలుతోనే రాసుకోవాలి. రికార్డులు చూసే బాబాయిగారు నాడా విప్పి రిజిస్టరు నా ముందు పెట్టారు. అత్తయ్యకు నాలుగేళ్ళప్పుడు సైన్యంలోకి వెళ్ళి తిరిగిరాని మీ తాతగారి పేరు అందులో కనిపించింది. ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, చేరిన తేదీ, అన్నీ రాసుకున్నాను. ఒక అంకె అర్థంకాక బాబాయిగారిని అడిగితే, "అది ఏడు కాదమ్మా, ఒకటి. రాసినవాడికి తోకలు పెట్టడం సరదా" అని నవ్వారు. పక్క బల్లమీద వాళ్ళూ నవ్వారు. ఇంక అడగకూడదనుకున్నాను.

'ఎలా ముగిసింది' అన్న గడిలో 'వీ. మ.' అని ఉంది. అయిదో తరగతి చదువుతో నాకు తట్టిన మాట ఒక్కటే. వీరమరణం. అడిగితే ఆయన చెప్పేవారే. నేను అడగలేదు. ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను, మీకు రాశాను.

ఆవిడ ఆ రోజు ఎలా ఉన్నారో మీకు రాయలేదు. ఏడుస్తారనుకున్నాను. పీట వాల్చుకుని కూర్చుని, "చిన్నప్పుడు బడిలో నన్ను పారిపోయినవాడి కూతురా అని పిలిచేవారు, అమ్మాయ్. పలక మీద కూడా రాసేవారు. దాంతో అక్షరాలు రాకముందే బడి మానేశాను. వాళ్ళలో ఇప్పుడు ఎవరు మిగిలారో ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి చెప్పి రానా?" అన్నారు. అన్నట్టే ఇద్దరి ఇళ్ళకు వెళ్ళొచ్చారు. ఒకావిడకు చెవుడట, ఆవిడకు రెండుసార్లు చెప్పారట.

యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కిస్తున్న మాజీ సైనికుల సంఘం వాళ్ళు జాబితాలో పేరు రాసుకున్నారు. ముద్ర వేసిన నకలు తెస్తేనే చెక్కుతామన్నారు. అందుకని రెండోసారి వెళ్ళాను. అది జరిగి నేటికి ఇరవై మూడు రోజులు. నకలు అడిగి, తాతగారి వీరమరణం పేజీ అన్నాను. బాబాయిగారు తెరిచి చూసి, "ఇందులో వీరమరణం ఎక్కడుందమ్మా?" అన్నారు. వేలు పెట్టి చూపించాను.

ఆయన నవ్వలేదు. "ఈ పుస్తకంలో మ అంటే మంజూరు. సె. మ. అంటే సెలవు మంజూరు, వీ. మ. అంటే వీడ్కోలు మంజూరు. మనిషి పోతే పూర్తిగా రాస్తారమ్మా, చావు దగ్గర పొడి అక్షరాలు వాడరు" అన్నారు.

అంటే తాతగారు పోలేదు. యుద్ధం అయ్యాక కాళ్ళూ చేతులూ బాగుండగానే పంపించేశారు. దండు గేటు దాటి తన కాళ్ళ మీద తానే నడిచి వెళ్ళారు. ఇంటికి మాత్రం రాలేదు.

ఆ తర్వాత మీకు రెండు ఉత్తరాలు రాశాను. వాటిలో కుళాయి గురించి రాశాను, వాన గురించి రాశాను. ఇది రాయలేదు. ఎలా రాయను? రాతి మీద గుడ్డ తొలగించడానికి సంఘం వాళ్ళు అత్తయ్యనే పిలిచారు. ఆవిడ వంటింట్లో తువ్వాలు పట్టుకుని ఎలా లాగాలో చూసుకుంటున్నారు. నేను పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. "ఇలా పై నుంచా, పక్క నుంచా?" అని నన్నే అడిగారు. పక్క నుంచి అన్నాను.

గుడ్డ తొలగించే రోజుకు మీకు సెలవు ఇచ్చారనీ, మీ మేస్త్రీ మీ భుజం తట్టాడనీ రాసిన ఉత్తరం సోమవారం అందింది. అది చదివాక ఆగలేకపోయాను. మీరు ఎదురుగా ఉండి అడిగితే తలుపు చాటున గోడ గీకుతూ నిలబడేదాన్ని. అత్తయ్య దగ్గర చాటు లేదు. కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను.

"తెలిసి ఎన్నాళ్ళయింది?" అన్నారు. చెప్పాను. "మరి నా చేత తువ్వాలెందుకు లాగించావే?" అన్నారు. తిట్టినా బాగుండేది. బుధవారం పొద్దున చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి, "పద. ఆ పుస్తకం నాకు చూపించు" అన్నారు.

బాబాయిగారు ఆవిడకు కుర్చీ వేసి, పేజీ తీసి పెట్టారు. పేజీ ముట్టుకోకూడదని అక్కడ నియమం. ఆవిడ ముట్టుకున్నారు, ఆయన ఏమీ అనలేదు. ఆవిడకు చదవడం రాదు కదా, ఒక్కో గడి మీదా వేలు పెడుతూ ఇదేమిటి, ఇదేమిటి అని అడిగారు. పుట్టుమచ్చ దగ్గరికి వచ్చేసరికి తన చెవి కింద తడుముకున్నారు. ఆవిడకు లేదు. 'వీ. మ.' చూపించమంటే చూపించాను. "ఇంతేనా? ఇంత చిన్నదా?" అన్నారు. పక్కన ఇంకో గడి ఉంటే దానిమీద వేలు పెట్టారు. "ఇదేమిటి?"

"వదిలాక వెళ్ళే చోటు, అత్తయ్యా."

"ఏం రాశారు?"

"ఇంటికి అని."

ఆవిడ వేలు అక్కడే ఉంచారు. బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకోకుండా పక్కన పెట్టారు.

"అయితే ఇంటికనే బయల్దేరాడు" అన్నారు అత్తయ్య. "దారిలో ఏదో అయింది. జ్వరమో, వరదో. మనిషి బయల్దేరాడుగా." లేచి, నన్ను పట్టుకుని తిన్నగా సంఘం ఆఫీసుకు నడిచారు. అక్కడ అంతమంది మగవాళ్ళ ముందు, "మా నాన్న పేరు తీసేయండి బాబూ. ఆయన యుద్ధంలో పోలేదు, ఇంటికి వస్తూ పోయాడు" అని చెప్పారు. వాళ్ళు పేరు మీద ఎర్ర గీత గీసేశారు. ఇప్పుడు అత్తయ్య ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడకు అదే చెబుతున్నారు, గొంతు ఇక్కడికి వినిపిస్తోంది. మీ సెలవు వృథా అయింది. ఎవరికి ఏం చెప్పుకుంటారో, మీరు తల దించుకునేలా చేశాను.

కానీ నేను మీకు చెప్పాల్సింది అది కాదు. ఆ 'వెళ్ళే చోటు' గడిలో ఏమీ లేదండీ. ఖాళీగా ఉంది. మొదటిసారి తెలియక తప్పు చదివాను, ఈసారి తెలిసే చదివాను. బాబాయిగారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ నన్ను క్షమించానని కూడా అన్నారు, మొదటిదానికి. నిన్నటి నుంచి నాకు భోజనం వడ్డించి మరీ పెడుతున్నారు.

మీరు వచ్చినప్పుడు నిజం చెబుతారో, ఊరుకుంటారో మీ ఇష్టం. ఆవిడ మీ అమ్మ. ఆవిడకు కావాల్సింది ఆవిడకు చదివాను. మీకు మాత్రం ఆ గడి ఎలా ఉందో అలాగే రాసి పంపుతున్నాను:

వెళ్ళే చోటు:

ఇట్లు,
మీ అమ్మ కోడలు