ఆయన చేతికిచ్చిన నా డబ్బులు

తిరువూరు, 2007 ఆగస్టు, మంగళవారం

విత్తనాల కొట్టు ఆయనకు వెబ్‌సైటు చేసిచ్చి మూడు నెలలైంది. ఈ రోజు నేనే కొట్టుకు వెళ్ళి డబ్బులు అడిగాను.

"అదేంటమ్మా, పోయిన వారమే మీ ఆయన చేతికిచ్చేశానే! చెప్పలేదా?" అన్నాడు.

"పని చేసింది నేను కదండీ."

"ఎవరికిస్తే ఏముందమ్మా, ఒకే ఇల్లేగా," అని నవ్వాడు. పైగా కొత్త పత్తి విత్తనాల ఫొటోలు కూడా సైట్లో పెట్టమన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే, బండి వాయిదా కట్టేశారట. "ఇంట్లో కూర్చుని చేసేదేగా, మళ్ళీ వస్తాయిలే," అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ డబ్బుతో మానిటరు మార్చుకుంటానని ఎన్నిసార్లు చెప్పానో. దాని ముందు గంట కూర్చుంటే కళ్ళు మండిపోతున్నాయి.

సాయంత్రం గంపలగూడెం నుంచి ఒక స్కూలు కరస్పాండెంటు ఫోన్ చేశారు. వాళ్ళకూ సైటు కావాలట. "రేటు మాట్లాడటానికి మీవారిని పంపండమ్మా," అన్నారు.

"నేనే వస్తానండి. అడ్వాన్సు నా చేతికిస్తేనే పని మొదలుపెడతాను," అన్నాను.

"ఆలోచించి చెబుతాం," అని పెట్టేశారు.

రాత్రయింది, వాళ్ళింకా చెప్పలేదు. నేను అలా అన్నందుకు నాకేమీ బాధ లేదు. కొంచెం ఉంది...